సెన్యోరా అడిగిన పేరు

2017వ సంవత్సరం, మూడవ టర్ము. పారమట్టా అనే ఊరికి సమీపంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో నేను రెండవ తరగతి ఇంగ్లీషు విభాగానికి బాధ్యుడిని. ఉదయం చదువు ఇంగ్లీషులో, మధ్యాహ్నం స్పానిష్‌లో సాగేది. ఈ పద్ధతిని ఇమ్మర్షన్ అంటారు. భాషను ఒక పాఠంగా చెప్పడం కాదు, లెక్కలూ సైన్సూ ఆ భాషలోనే చెప్పడం. మా గది తలుపు ఆకుపచ్చ, స్పానిష్ గది తలుపు పసుపు. భోజన విరామం తరువాత పిల్లలు వరుస తప్పకుండా ఒక తలుపు నుండి మరొక తలుపుకు నడిచేవారు. గడప దాటితే భాష మారాలి. ఆ క్రమం నాకు ప్రాణం. నడవాలో టోపీలు తగిలించే కొక్కేల వరుస ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

సహన అనే ఏడేళ్ల బాలిక దగ్గర ఆ క్రమం తప్పింది. నా గదిలో చక్కగా మాట్లాడే పిల్ల, పసుపు తలుపు దాటగానే మూగనోము పట్టేది. స్పానిష్ ఉపాధ్యాయిని ఇనేస్ చిలీ దేశస్థురాలు, పిల్లలందరికీ 'సెన్యోరా'. మొదట్లో సహన సంబంధం లేకుండా తన పేరే చెప్పేదనీ, తోటివారు నవ్వడంతో అదీ మానేసిందనీ ఆమె బాధపడింది. టర్ము చివరి సమీక్షలో సహనను ఇంగ్లీషు మాత్రమే ఉండే తరగతికి మార్చాలా వద్దా అన్నది తేలాలి. పెన్సిల్ పెట్టె మీద ప్రతి రంగు పేరూ స్పానిష్‌లో రాసుకున్న ఆ పిల్లకు వెళ్లడం ఇష్టం లేదు.

మూడు భాషలు కలిసి పిల్లను తికమక పెడుతున్నాయని నేను తీర్మానించాను. తల్లి వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. ఆమెను పిలిపించి, ఇంట్లో తెలుగు ఆపమని చెప్పి, ఫైలులోనూ అలాగే రాశాను. ఆమె "అంకుల్" అని మొదలుపెట్టబోతే, పాఠశాలలో "సార్" అనమని సరిదిద్దాను. మూడు వారాలకు ఆమె మళ్లీ వచ్చింది.

"తెలుగు టోటల్‌గా స్టాప్ చేశాం సార్. ఇంప్రూవ్‌మెంట్ ఏం లేదు. మా అత్తయ్యకు ఇంగ్లిష్ రాదు కదా, డిన్నర్ దగ్గర కూడా మాట్లాడట్లేదు. ప్లేట్ తీసుకుని రూమ్‌లోకి వెళ్లిపోతున్నారు."

ఆ మాట నన్ను గుచ్చింది. మరునాడు అబ్జర్వేషన్‌కు, అంటే మరొకరి తరగతిలో వెనుక కూర్చుని గమనించడానికి, వెళ్లాను. సహన ఒక మొక్క బొమ్మ వేసింది. ఇనేస్ ఆమె బల్ల దగ్గర వంగి, "ముయ్ బియెన్, పేరో..." అంటూ రంగు వేయని ఆకును వేలితో చూపింది. చాలా బాగుంది, కానీ... అని ఆ మాటలకు అర్థం. సహన పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. అయినా వాటిని చదవగలిగాను: సహన.

నా కలం ఆగిపోయింది. పదకొండేళ్లుగా ఆ 'పేరో'ను వింటున్న నా చెవికి ఒక్కసారైనా మన 'పేరు' వినిపించలేదు.

పిల్లను నడవాలోకి పిలిచి, ఆ పాఠశాలలో మొట్టమొదటిసారి తెలుగులో అడిగాను. "సెన్యోరా నిన్నేమడిగారమ్మా?"

"పేరు," అంది. "ఎవ్రీ డే అడుగుతారు సార్. అందరి నేమ్స్ తెలుసు. షి నెవర్ రిమెంబర్స్ మీ."

సంగతి వినగానే ఇనేస్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మరునాటి నుండి ఆమె ముందు "సహన" అని పిలిచి, తరువాతే 'పేరో' అనేది. రెండు వారాలకు పిల్ల నోరు విప్పింది. పసుపు గదిలోనే కొనసాగాలని సమీక్షలో తేలింది. తికమకకు కారణం తెలుగే, నిజమే. దానిని విప్పిందీ తెలుగే.

ఇక నా సలహా మిగిలింది. ఫైలులో దానిని కొట్టివేసి, శనివారం ఉదయం టూంగాబీలోని వారి ఇంటికి వెళ్లాను. సహన నానమ్మ తెనాలి వైపు ఆవిడ. నా ముందు కాఫీ గ్లాసు పెట్టి, "మీ పేరేంటన్నారు?" అని అడిగారు. చెప్పాను.

"అయితే తెలుగువారే. మరి మీకు తెలుగేం అడ్డమొచ్చిందండీ?"

నేను పాఠశాల నియమాలూ, ఇమ్మర్షన్ పద్ధతీ వివరించసాగాను. నేల మీద కూర్చుని అదే మొక్క బొమ్మ ముందేసుకున్న సహన తలెత్తి, అచ్చం సెన్యోరాలా కనుబొమలు ఎగరేసి, "పేరో...?" అంది.

ఆ మాట తరువాత వాక్యం పూర్తి చేసి తీరాలి. అది వ్యాకరణం.

"కానీ పొరపాటు నాదండీ," అన్నాను. "మీరు పిల్లతో మాట్లాడండి. తెలుగులోనే."

ఆవిడ మనవరాలి వైపు తిరిగి, "ఏమే, ఆ ఆకొక్కటీ ఏం పాపం చేసిందే, రంగెయ్యలేదు?" అన్నారు.

నేను పదవీ విరమణ చేసి కొన్నేళ్లయింది. తప్పు జవాబు చెవిన పడితే ఇప్పటికీ చేయి ఎర్ర కలం కోసం జేబులోకి పోతుంది. దానిని అక్కడే ఆపి, ముందు ఒక్క మాట అడుగుతాను: నేనేమడిగానని నీకు వినిపించింది?