చిప్ప మీద గాటు

వారం కింద మా రెండో తరగతి పిల్లలతో కొబ్బరి చిప్పల్లో పెసలు నాటించి, వాటి మీద సుద్దతో పేర్లు రాయించాను. రోజూ పోసిన నీళ్లకు పేర్లన్నీ చెరిగిపోయాయి. ఈ రోజు మొలకలు చూసి నాదంటే నాదని ఒకటే లొల్లి. గొర్రెల కాపరి బిడ్డ మల్లమ్మ మాత్రం తన చిప్ప తీసుకుని నవ్వింది. నెల రోజులుగా పలక ముట్టని పిల్ల, నాటిన రోజే పేరు రాయకుండా చిప్ప అంచుకు గాటు పెట్టుకుంది.

"మా బాపు గొర్రె చెవికి గిట్లనే పెడ్తడు సారూ. మందలు కలిసినా మనది మనకు దొరుకుతది."

"మరి మా పేర్లెట్ల నిలవాలె?" అన్నారు మిగతా పిల్లలు.

"మీ అక్షరాలు గూడ చెక్కుండ్రి!" అంది మల్లమ్మ.

చెక్కడానికి ఒక మేకు తెచ్చి ముందు ఆమె చేతికే ఇచ్చాను. బడి విడిచేలోగా గాటు పక్కన వంకర 'మ' మొలిచింది. నెల రోజుల నా పాఠం ఆమెకు ఎక్కలేదు. ఆమె పాఠం నాకు నిమిషంలో ఎక్కింది. మీ బడిలో పంతులు ఎవరు?