ప్రమాణానికి రాని పెంగ్ యున్-మే

తైపేకి దక్షిణాన ఉన్న హూకో పారిశ్రామికవాడలో కంప్యూటర్లకు మెమరీ పలకలు తయారుచేసే ఒక కంపెనీ, పెంగ్ యున్-మే అనే కార్మికురాలిని దొంగగా తీర్మానించి పనిలోంచి తీసివేసింది. ఆమె దగ్గర సొత్తు దొరకలేదు. ఆమె తీస్తుండగా చూసినవారు లేరు. ఆమె నేరం ఒప్పుకోలేదు. తోటివాళ్లందరూ దేవుడి ముందు ప్రమాణం చేసిన రోజున ఆమె గుడిలో అడుగు పెట్టలేదు. కంపెనీ చూపిన రుజువు అంతకు మించి లేదు.

యున్-మే యాభై దాటిన మనిషి. గోరంత నల్లటి చిప్పులు ట్రేలలో వరుసగా పేర్చి గోదాము నుంచి వస్తాయి. ఆ ట్రేలను యంత్రానికి అందించడం, యంత్రం వాటిని పచ్చటి పలకలమీద అతికించాక ఖాళీ ట్రేలను వెనక్కి పంపడం ఆమె పని. మెడ నుంచి మడమ దాకా తెల్ల అంగీ, తలకు టోపీ, ముక్కుకు గుడ్డ, మణికట్టుకు తీగ కట్టిన పట్టీ. దూదిపింజ కూడా ఆ గదిలోకి రాకూడదు. పెళ్లికి ముందు ఆ గదిలో అడుగుపెట్టిన మనిషి, మనవడు పుట్టేదాకా ఆ గదిలోనే పనిచేసింది. ఆమెమీద ఏనాడూ ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఆ ఏడాది చిప్పుల ధర అమాంతం పెరిగింది. గుప్పెడు చిప్పులు చేతిరుమాలులో చుట్టి తైపేలో అమ్ముకుంటే ఇంటి అద్దె గడిచిపోతుందని చెప్పుకునేవారు. ధరతోపాటే అనుమానమూ పెరిగింది. గోదాములో కెమెరాలు పెట్టారు. అంగీల జేబులు కుట్టేశారు. సాయంత్రం గేటు దగ్గర బూట్లు విప్పించి దులిపించారు. అన్నం డబ్బాల మూతలు తీయించారు.

"ఏంటే ఇది, ఇంత నల్లగా ఉంది?" అని గేటు కాపలా మనిషి ఒకనాడు యున్-మే డబ్బాలోకి తొంగిచూసింది.

"ఆవాకు ఊరగాయ వదినా. కెలికి చూస్తావా, రుచి చూస్తావా?"

"ఈ ముక్కల కింద ఏం దాచావో ఎవడికి తెలుసు!"

"దాస్తే నా పళ్లే విరుగుతాయి. నమిలేది నేనేగా."

వెనకాల వరుస పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక వాళ్లలో ఒకరు ఇంకొకరి సంచీ వంక చూశారు. ఎవరు కొత్త స్కూటర్ కొన్నారు, ఎవరి కొడుక్కి పళ్లు సరిచేయించారు, ఎవరు సాయంత్రం బస్సు దిగి ఇంటివైపు కాక స్టేషన్‌వైపు నడిచారు అన్నవి అప్పటిదాకా ఊసుపోక చెప్పుకునే కబుర్లు. ఆ నెలల్లో అవే ఆరోపణలయ్యాయి.

ఎండాకాలం చివర యున్-మే తల్లి చనిపోయింది. కన్నతల్లి కాదు. కన్నతల్లి పురిటిలోనే పోతే, రైలుస్టేషన్ పక్కన బియ్యప్పిండి అప్పాలు ఆవిరికి ఉడికించి అమ్మే చుంగ్ అవ్వ ఆ పసిగుడ్డును ఎత్తుకుపోయి పెంచింది. దత్తత కాగితం ఎవరూ రాయలేదు, అడిగినవాళ్లూ లేరు. అవ్వ శవపేటిక ముందు యున్-మే కూతురిగానే జనపనార బట్ట కట్టుకుని మోకరిల్లింది. మైల తీరేదాకా కూతుళ్లు తలలో పెట్టుకునే నూలుపువ్వును తానూ పెట్టుకుంది. కంపెనీ లెక్కలో మాత్రం ఆమెకు చనిపోవడానికి తల్లి మిగిలి లేదు. అందుకని చావు సెలవు అడగక, సొంత పని అని చెప్పి మామూలు సెలవు తీసుకుంది. తిరిగి పనిలోకి వచ్చాక, నూలు లోపలికి రాకూడదు కనుక, పువ్వును చిన్న డబ్బాలో పెట్టి, బట్టలు మార్చుకునే గదిలో తనకిచ్చిన బీరువా అరలో ఉంచి వెళ్లేది.

మైల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణముంది. చాంద్రమానం ప్రకారం నెలకు రెండుసార్లు కంపెనీవాళ్లు గేటు లోపల బల్లవేసి, పండ్లు, బిస్కెట్లు, కాల్చిన బాతు పెట్టి స్థలదేవతకు పూజ చేస్తారు. లైను మీద వాళ్లందరూ అగరొత్తులు పట్టుకుని నిలబడాలి. అంతకు ముందటేడు తండ్రి పోయిన మనిషి ఒకడు తెలియక ఆ వరుసలో నిలబడ్డాడు, ఆ వారమే పెద్ద యంత్రం చెడిపోయింది. కొత్త సంవత్సరం పండుగ దాకా అతని పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు లేడు. మైలలో ఉన్నవాళ్లంటే అక్కడ ఎంత భయమో యున్-మే అప్పుడు కళ్లారా చూసింది. అందుకని పూజ రోజు వచ్చినప్పుడల్లా, "మీరెళ్లండి, యంత్రం నేను చూసుకుంటాను," అని తానే ఆగిపోయేది. ఆమె సాయానికి అందరూ సంతోషించారు.

అలాంటి ఒక పూజ రోజున నిండు ట్రే ఒకటి లెక్కకు తగ్గింది.

కంపెనీ యజమాని వేయ్ పెద్దాయన దక్షిణాది రేవు పట్టణం నుంచి వచ్చినవాడు. పోలీసులను పిలిస్తే కొనుగోలుదార్ల చెవిన పడుతుందని ఆయన భయం. అందుకని నేరాన్ని మనుషుల పాపపుణ్యాలు విచారించే నగరదేవుడికి అప్పగించాలని నిశ్చయించాడు. పొద్దున్న మైకులో ఆ నిర్ణయం చదివినవాడు జువాంగ్ మేనేజర్.

"శనివారం గుడికి బస్సు పెడుతున్నాం. పెద్దాయన స్వయంగా తెల్లకోడిని తెప్పిస్తున్నారు, దేవుడి ముందు దాని తల నరుకుతారు. ఒక్కొక్కరూ పసుపు కాగితం కాల్చి, నేను తీయలేదు, తీస్తే ఈ కోడి గతే నాకు పట్టాలి అని చెప్పాలి. తీయనివాళ్లకి భయమేంటి?"

"కోడికి కూడా భయం లేదా సార్?" అని ఎవరో గొణిగారు.

యున్-మే నవ్వలేదు. మధ్యాహ్నం జువాంగ్ గదికి వెళ్లి నిలబడింది.

"సార్, నేను గుడికి రాలేను. మైలలో ఉన్నాను. మా అమ్మ పోయింది."

జువాంగ్ కంప్యూటర్‌లో ఆమె వివరాలు తెరిచాడు. చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎన్నిసార్లు పోతుందమ్మా మీ అమ్మ?"

"ఇది నన్ను పెంచినావిడ సార్."

"పెంచినావిడ! పోయిన నెల నీ సెలవుకి కారణం సొంత పని. ఇవాళ అమ్మ పోయిందా? రేపు నాన్న పోతాడా?"

"కావాలంటే గేటు దగ్గర ప్రమాణం చేస్తాను. ఆవిడ అస్థికల మీద చేస్తాను. మైల తీరాక నా కోడిని నేనే కొనుక్కుని, ఒక్కదాన్నే వెళ్లి చేస్తాను. మీరొచ్చి చూడండి."

"దొంగలు కూడా గడువే అడుగుతారు యున్-మే."

ఆమెకు ఆ మాట అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అప్పటిదాకా తాను ఒక ఆచారం గురించి మాట్లాడుతున్నాననే అనుకుంది. జువాంగ్ మొదటినుంచీ ట్రే గురించే మాట్లాడుతున్నాడు. పూజలో అందరూ ఉండగా లోపల ఎవరున్నారో అతను అప్పటికే తేల్చుకున్నాడు.

శనివారం ఆమె బస్సెక్కలేదు. ఇంట్లో కూర్చోనూలేకపోయింది. కూర్చుంటే దాక్కున్నదంటారు. స్కూటర్‌మీద వెళ్లి, గుడి ద్వారానికి ఎదురుగా కాకుండా, వీధికి అవతల మాంసపుండల పులుసు అమ్మే కొట్టు పక్కన నిలబడింది. తాను పారిపోలేదని నలుగురూ చూడాలని ఆమె కోరిక. నలుగురూ చూశారు. చూసి ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఇంతదూరం వచ్చి దేవుడి ముందుకు రాలేక ఆగిపోయిన మనిషి తప్పుచేసిన మనిషి కాక ఇంకెవరు? మైలలో ఉన్న మనిషి గుడికి ఎంత దూరంలో నిలబడాలో ఆ నలుగురిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ రోజు ఒక్కరికీ గుర్తురాలేదు.

పక్క యంత్రం మీద పనిచేసే ఫాన్ లీ-చిన్ వీధి దాటి వచ్చింది.

"అక్కా, ఇక్కడిదాకా వచ్చి ఇదేం పని? రా, ఒక్క నిమిషం."

"రాలేనే. ఎందుకో నీకు తెలుసు."

"నాకేం తెలుసు?"

"నా అరలో డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు నువ్వు. నీ చేతి లేపనం వాసన దానికి అంటుకుంది. పువ్వు చూశావు కదూ?"

లీ-చిన్ ముఖం ఎర్రబడింది. "నేను చిప్పుల కోసం చూశానక్కా. నీదొక్కటే కాదు, అందరివీ చూశాను. చూడమన్నారు."

"ఎవరు?"

"అది నన్నడక్కు."

"పువ్వుందని చెప్పావా వాళ్లకి?"

"చిప్పులుంటే చెప్పమన్నారు. పువ్వు సంగతి ఎవరూ అడగలేదు."

లోపల మేళం మోగింది. లీ-చిన్ పేరు పిలిచారు. ఆమె పరుగెత్తింది. యున్-మే అక్కడే నిలబడి, ఇన్నేళ్లుగా తనతో ఊరగాయ పంచుకున్న ఆ చేతుల గురించి ఆలోచించింది. లీ-చిన్ తన డబ్బా తెరిచింది సరే, ట్రే కూడా ఆ చేతులే తీశాయా? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

సోమవారం ఆమె గుర్తింపు కార్డుకు గేటు తెరుచుకోలేదు. లోపల మైకులో జువాంగ్ గొంతు వినబడుతోంది: "దొంగ ఎవరో దేవుడే తేల్చాడు. ఆ మనిషి ఇక మన మధ్య లేదు." పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు.

యున్-మే ఫిర్యాదు చేసింది. కార్మిక వివాదాల మధ్యవర్తి ముందు కంపెనీ వకీలు మాట మార్చాడు. "ఆమెను దొంగ అని మేము అనలేదు. ఆమెమీద మాకు నమ్మకం పోయింది అన్నాం, అంతే," అన్నాడు. ఆ తేడా చిన్నది కాదు. నమ్మకం పోవడం యజమాని మనసులో జరిగే సంగతి, దానికి ఎవరూ రుజువు అడగలేరు. దొంగతనం బయట జరిగే సంగతి, దానికి రుజువు కావాలి, ఆ భారం ఆరోపించినవాడిది. రుజువు లేని దొంగతనాన్ని నమ్మకం పోయిందన్న మాటలో చుట్టి ఇస్తే శిక్ష మాత్రం అదే పడుతుంది, విచారణ ఉండదు. నమ్మకం ఎందుకు పోయిందని మధ్యవర్తి అడిగినప్పుడు వకీలు, "ఆమె గుడికి రాలేదు," అన్నాడు. రాజీ కుదరలేదు, వివాదం మధ్యవర్తి దగ్గరే ఉండిపోయింది. యున్-మే పక్క ఫ్యాక్టరీలలో పని అడిగితే, ఒకచోట కాఫీ ఇచ్చి, పాత కంపెనీ పేరు విని, కాఫీ తాగేలోపే పంపేశారు.

చలికాలానికి ఆమె ఒక భోజనశాల వెనక గిన్నెలు తోమే పనిలో కుదిరింది. ఒక మధ్యాహ్నం లీ-చిన్ అక్కడికి వచ్చి, తొట్టె పక్కన నిలబడింది.

"మొన్న మళ్లీ రెండు ట్రేలు పోయాయక్కా."

"మరి ఈసారి కోడిని ఎవరు తెచ్చారు?"

"ఎవరూ తేలేదు. ఈ సంగతి బయట మాట్లాడితే పనిలోంచి తీసేస్తామన్నారు."

యున్-మే గిన్నె పక్కన పెట్టింది. "ఆ రోజు గోదామువాళ్లు ప్రమాణం చేశారా?"

"గోదాము తాళాలు పెద్దాయన మేనల్లుడి దగ్గరుంటాయిగా. ఆ మేనల్లుడు ఆ రోజు మన పేర్లు పిలుస్తూ నిలబడ్డాడు."

"జువాంగ్?"

"కోడిని పట్టుకున్నాడు."

"పట్టుకున్నవాడు ప్రమాణం చేయక్కర్లేదా?"

"ఎవరూ అడగలేదక్కా." లీ-చిన్ గొంతు తగ్గించింది. "మేనల్లుడే తీస్తున్నాడని అందరూ అంటున్నారు. నువ్వూ మధ్యవర్తి దగ్గర ఆ మాటే చెప్పు."

"చెప్పను."

"ఎందుకు? నీ నోటి దగ్గర కూడు లాగేశారు!"

"తాళం ఉంది కాబట్టి వాడు దొంగ అంటే, యంత్రం దగ్గర ఉన్నాను కాబట్టి నేను దొంగ అన్నట్టే. వాడు తీశాడో లేదో నేను చూశానా? చూసినదానివి నువ్వు. పువ్వు చూశావు. ఆ మాట వచ్చి చెప్తావా?"

"పువ్వు చూశానని చెప్తే, నీ డబ్బా ఎందుకు తెరిచానో కూడా చెప్పాలిగా అక్కా."

"చెప్పాలి."

"నన్ను ఆలోచించుకోనీ."

ఆమె ఇంకా ఆలోచిస్తోంది. ఆమెను తప్పుపట్టడం తేలిక. ఆమెను ఆ అరల దగ్గరికి పంపినవాళ్లు హాయిగా కూర్చుని ఉండగా, ముందుగా ఆమెను నిలదీయడం అన్యాయం. ఈ ప్రశ్నలు ఆ పంపినవాళ్లకే.

వేయ్ గారూ, జువాంగ్ గారూ. యున్-మే మీకు చెప్పిన మైల నిజమని తెలుసుకునే దారి మీ దగ్గరే ఉంది. మీ మనిషి మీ మాటమీద ఆ అర తెరిచింది. ఏం చూశావని ఆమెను అడగడానికి మీకు ఒక్క నిమిషం చాలు. మీరు అడగలేదు. యున్-మేను తీసేశాక కూడా ట్రేలు పోతున్నాయని మీకు తెలుసు. తెలిసి మీ కార్మికుల నోళ్లు మూయించారు. ఆమె దొంగ కాదని మీకు తెలిసే ఆమెను దొంగగా ఉంచుతున్నారని అనుకోవడానికి ఇంతకు మించి ఏం కావాలి?

పెంగ్ యున్-మేను అదే యంత్రం దగ్గర, పాత హోదాలోనే తిరిగి పనిలోకి తీసుకోండి. ఆమె తీసిందనడానికి మీ దగ్గర ఏ రుజువూ లేదని, ఆమె పేరు పెట్టి, కార్మికులందరి ముందూ చెప్పండి. ఆమె వెళ్లాక పోయిన ట్రేల సంగతి మధ్యవర్తికి రాసివ్వండి. గోదాము కెమెరాలు చిత్రించినదాంట్లో ఒక్క క్షణమైనా చెరపకుండా మొత్తం ఆమె ఎదుట ఆడించండి. అప్పటిదాకా ఆ గోదాము తాళాలను మీ కుటుంబం చేతిలో కాక బయటివాళ్ల చేతిలో పెట్టండి.