రోసాల్మ్‌కు వెళ్తున్నానని చెప్పినవాడు

లీన్స్ పట్టణంలో సెన్సి చేతిలో పడని బూటు లేదు. పెద్ద చౌకు వెనక సందులో, తండ్రి నుంచి వచ్చిన చిన్న కొట్టులో కూర్చుని, కొండెక్కేవాళ్ల బూట్లకు ఆమె అడుగులు మారుస్తూ ఉంటుంది. ఈ ఊళ్లో జడ్జిగారు కూడా పొద్దున్నే ఒక కొండెక్కి దిగి, జుట్టులో మంచుతోనే కోర్టుకు పోతారు. అందుకని సెన్సికి పనికి కొదవ లేదు. మాటకు అసలే లేదు. "ఈ అడుగు చూస్తే కొండకెళ్లినట్టు లేదు నాయనా, కాఫీ హోటలుకెళ్లి ఫొటోలు దిగినట్టుంది" అని మొహమ్మీదే అనేస్తుంది. అన్నా ఎవరూ మరో కొట్టు వెతుక్కోలేదు. నిజం చెప్పాలంటే ఊళ్లో మరో కొట్టు లేదు.

ఒక్క జత బూట్ల విషయంలో మాత్రం ఆమె ఏనాడూ నోరు మెదపలేదు. అవి మొగుడు లోయిస్‌వి.

లోయిస్ టౌను బస్సు నడుపుతాడు. బుధవారం సెలవు. పన్నెండేళ్ల కిందట అతని స్నేహితుడు కాస్పర్ తోడేలు గండిలో జారిపడి చచ్చిపోయాడు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ కలిసి ఎక్కినవాళ్లే. శవం ఇంకా చర్చిలో ఉండగానే సెన్సి మొగుణ్ణి పక్కకు లాక్కుపోయి, ఇక ఆ నిటారు గండ్ల జోలికి పోనని ఒట్టు వేయించుకుంది. అతను వేశాడు. ఆ రోజు మొదలు ప్రతి బుధవారం గుమ్మంలో నిలబడి ఒకటే మాట: "రోసాల్మ్‌కి వెళ్లొస్తా." రోసాల్మ్ అంటే అమ్మమ్మలు కూడా స్కీలు కట్టుకుని తిరిగే సులువైన మంచు వాలు. అక్కడికి ఇనుప ముళ్లతో పనిలేదు. తోడేలు గండికైతే బూట్లకు ముళ్లు బిగించుకోకుండా అడుగు పడదు.

ఆ మరుసటి చలికాలమే, లోయిస్ బూటు ముక్కు మీద ముళ్ల కమ్మీ ఒరుసుకున్న గీత ఆమె కంటపడింది. అతను స్నానాల గదిలో ఈల వేస్తున్నాడు. సెన్సి ఆ బూటు పట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత గరుకు కాగితం తీసి గీత పోయేదాకా రుద్దింది. తర్వాతా గీతలు పడ్డాయి. ప్రతి బుధవారం కాదు. పడినప్పుడల్లా రుద్దేసింది.

ఎందుకు అడగలేదంటే, అడిగితే మానేస్తాడని. మానేసి బుధవారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని కొండను చూసే లోయిస్‌ను ఆమె ఊహించుకోలేకపోయింది. అడిగినా ఒప్పుకోకుండా మొహమ్మీదే ఇంకో అబద్ధం ఆడతాడేమోనన్న భయం అంతకంటే పెద్దది. తెలిసీ తెలియనట్టు ఉండడమే కాపురం అనుకుంది. అతను అబద్ధమాడి బతికాడు, ఈమె దాన్ని నున్నగా రుద్ది బతికింది. ఇద్దరూ ఇద్దరే.

మార్చి నెల, బుధవారం. దక్షిణపు గాలి ఊళ్లో తలుపులన్నీ కొడుతోంది. వీధిలో ఎవరో "రోసాల్మ్ మీద మంచు కూలింది!" అని అరిస్తే, సెన్సి సుత్తి చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. ఇళ్ల కప్పుల పైన, ఎదుటి కొండ మీద, తెల్లటి దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది.

లోయిస్‌కు ఫోను చేసింది. మోగలేదు. కొండెక్కితే కట్టేయడం అతని అలవాటు. తమ్ముడు ఇగ్నాట్స్‌కు చేసింది. అతను వడ్రంగి, ఊళ్లోని కొండ రక్షణ దళానికి పెద్ద కూడా.

"ఒరేయ్, మీ బావ రోసాల్మ్‌కేరా వెళ్లింది. పొద్దున మొదటి బస్సుకి."

"కొట్టు ముందే ఉండు. తీసుకెళ్తా" అన్నాడు ఇగ్నాట్స్.

బస్సు ఆఖరి స్టాపు దగ్గర దళం వాళ్లు పదకొండు మంది పోగయ్యారు. అక్కడినుంచి ఎడమకు పోతే రోసాల్మ్, కుడికి అడవిలోంచి పోతే తోడేలు గండి. గాలికి హెలికాప్టర్ లేవదన్నారు. వెళ్తే కాళ్లమీదే వెళ్లాలి. ఇగ్నాట్స్ దుర్భిణిలోంచి చూసి, దాన్ని అక్క చేతికిచ్చాడు. కింద అడవి అంచు నుంచి ఒంటరి స్కీ జాడ వాలులోకి పోయి, కూలిన మంచు కుప్ప కింద మాయమైంది. అవతలి వైపు బయటికి రాలేదు.

"అది నిన్నటిదైనా కావచ్చు" అన్నాడు ఇగ్నాట్స్. "ఊళ్లో సగం మంది అక్కడికేగా పోతారు. ఇప్పుడు పైకి చూడు. సగమే కూలింది. మిగతా సగానికి పగులు పడింది, గాలి ఇంకా మంచు తోసుకొచ్చి దానిమీదే పోస్తోంది."

"ఊఁ."

"దానికింద మనిషిని పెట్టకూడదక్కా. రూలు. కానీ బావ అక్కడుంటే రూలు మడిచి జేబులో పెట్టుకుంటా. నేను కదిలితే వీళ్లూ నా వెనకే వస్తారు, ఆగమన్నా ఆగరు. మంచు కింద మనిషికి ఎంతోసేపు ఊపిరి ఉండదు, నీకు తెలుసు. ఒక్క మాట చెప్పు. బావ అక్కడున్నాడా?"

"అక్కడికేనని చెప్పాడు."

"చెప్పడం సంగతి కాదు. ఉన్నాడా?"

పక్కనే లేనా తన కుక్కకు పట్టీ బిగిస్తోంది. ఆ పిల్లకు ఇంట్లో రెండేళ్ల కూతురు. సెన్సి చూపు మళ్లించుకుంది. పొద్దున లోయిస్ రొట్టె మీద పంది మాంసం పెట్టుకుని తిన్నాడు, ఈల వేశాడు. అంతకుమించి ఏం గుర్తుంది? బూట్లు తనే కిందినుంచి తెచ్చుకున్నాడు, సంచిలో ముళ్లు పెట్టుకున్నాడో లేదో ఆమె చూడలేదు. ఎన్ని బుధవారాలు నిజం, ఎన్ని అబద్ధం? లెక్క చెప్పగలిగేవి ఆ గీతలొక్కటే. వాటిని తన చేతులతో తానే అరగదీసింది. ఉన్నాడంటే పదకొండు మంది ఆ పగులు కిందికి పోతారు. లేడని చెప్పి, తీరా అక్కడుంటే, మొగుణ్ణి నోటితో చంపుకున్నట్టే.

"ఇగ్నాట్స్, మీ బావ నాకు అబద్ధాలు చెప్తాడు."

గట్టిగానే అంది. బిగిస్తున్న పట్టీలన్నీ ఆగిపోయాయి.

"రోసాల్మ్ అని చెప్పి తోడేలు గండికి పోతాడు. పన్నెండేళ్ల నుంచీ. నాకు తెలుసు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ కాదు."

"మరి ఇవ్వాళ?"

సెన్సి పైన పగులు వైపు చూసి అంది.

"అక్కడ లేడు. ఎవర్నీ పంపకు."

"తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నా. నువ్వు కదిలావో, ఇకమీదట నీ బూట్లు నువ్వే కుట్టుకో."

ఆమెకు ఏమీ తెలియదు. మొగుడి అబద్ధాలను అన్నేళ్లు దాచిన మనిషి, అవసరమొచ్చేసరికి వాటిమీదే అతని ప్రాణాన్ని పందెం కాసింది.

ఇగ్నాట్స్ నమ్మలేదు. అటూ ఇటూ నాలుగు అడుగులు వేసి, ఉన్నట్టుండి స్కీలు కింద పడేసి బూటు దూర్చాడు. సెన్సి వెళ్లి అతని సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుంది. "వదులక్కా!" అని అరిచాడు. వదల్లేదు. చిన్నప్పుడు వాడు ఏట్లో పడకుండా ఒడ్డున పట్టుకున్నట్టే పట్టుకుంది. ఆ పెనుగులాటలో ఉండగానే పైన ఏదో విరిగిన చప్పుడైంది.

పై సగం మొత్తం వచ్చేసింది. దాని గాలి స్టాపు దాకా కొట్టి, అందరి మొహాల మీదా మంచు పొడి చల్లింది. తేటపడ్డాక చూస్తే వాలు మీద ఎండుగడ్డి కనిపిస్తోంది. వాళ్లు తవ్వుతూ ఉండాల్సిన చోట రెండంతస్తుల మేడంత మంచు. లేనా కుక్క మెడను కావలించుకుని అక్కడే కూలబడింది. సెన్సి వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

"ఇక పైన పడ్డానికేం లేదు. పదండి" అన్నాడు ఇగ్నాట్స్.

కుక్కతో, మంచులో గుచ్చి వెతికే పొడవాటి మడత కర్రలతో పదకొండు మందీ వెళ్లారు. సెన్సి ఒక్కతే మిగిలింది. అక్కడ లోయిస్ ఉంటే ఇప్పుడు అతనిమీద రెండు పొరలు. బతికి ఉండగలిగిన ఆ కాసేపటినీ తాను ఇక్కడ తమ్ముడి సంచి పట్టుకుని ఖర్చుపెట్టేసింది. పైన కర్రలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. కుక్క ఆగిన ప్రతిసారీ ఆమె రెండడుగులు ముందుకు వేసింది.

మధ్యాహ్నం దాటాక కుడివైపు అడవిలోంచి లోయిస్ వచ్చాడు. భుజాన స్కీలు, ఎండకు కమిలిన మొహం. జనాన్ని, కొండను చూసి ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు. పైనుంచి ఎవరో చూసి కేక వేశారు. అందరికంటే ముందు ఇగ్నాట్స్ జారుకుంటూ వచ్చి బావను వాటేసుకుని, ఆ వెంటనే వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఎక్కడ చచ్చావు బావా!"

లోయిస్ చుట్టూ చేరిన మొహాలన్నీ చూశాడు. ఒట్టు వేయించుకున్న పెళ్లాన్ని చూశాడు.

"రోసాల్మ్‌లోనే" అన్నాడు. "అంటే, కింద చెట్లలో ఉన్నా. కూలడం చూసి పక్కకి తప్పుకున్నా. చుట్టూ తిరిగొచ్చేసరికి ఇంతసేపైంది. అదృష్టంరా, అంతే!" అని నవ్వాడు కూడా.

ఒకరిద్దరు తలూపారు. మగవాడి పరువు కాపాడ్డానికి ఆ మాత్రం తలూపడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఇగ్నాట్స్ మాత్రం అక్క వైపు తిరిగాడు. మిగతా వాళ్లూ తిరిగారు. లేడని చెప్పిందిగా, ఉన్నాడుగా, అన్నట్టుంది ఆ చూపు.

సెన్సి మొగుడి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"అయితే అక్కడే ఉన్నావన్నమాట."

"ఆ... కొంచెం కింద."

"నువ్వక్కడ లేవని వీళ్లందరికీ నేనే చెప్పా లోయిస్. మా తమ్ముడు వస్తానంటే పట్టుకుని ఆపా. నువ్వక్కడ ఉన్నావంటే, ప్రాణంతో ఉన్న మొగుణ్ణి నేను మంచులో వదిలేసినట్టు. రేపటినుంచి ఈ ఊళ్లో నేను అదే మనిషిని. నువ్వే చెప్పు. ఆ పని చేశానా?"

లోయిస్ నవ్వు ఆరిపోయింది. మంచు కుప్ప వైపు చూశాడు. భుజం మీది స్కీలు దించి, స్టాపు బల్ల మీద కూర్చున్నాడు.

"లేదు. నువ్వు చెయ్యలేదు" అన్నాడు. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు. "తోడేలు గండిలో ఉన్నా. ఇవ్వాళే కాదు, ప్రతి చలికాలం పోతున్నా. ఆవిడ చెప్పిందే నిజం."

కుక్కకు ఏమీ దొరకలేదు, ఊళ్లో మరెవరూ తప్పిపోలేదు; ఆ జాడ నిన్నటిదే అయి ఉంటుంది. ఇగ్నాట్స్ కర్రలు మడవమని తన వాళ్లను తీసుకుని వాహనం వైపు నడిచాడు. సెన్సి బల్లకు రెండో చివర చతికిలబడింది.

"నాకు తెలియదు" అంది, అతనికి మాత్రమే వినపడేట్టు. "నువ్వెక్కడున్నావో ఇవ్వాళ నాకు నిజంగా తెలియదు. తెలియకుండానే లేవని చెప్పా."

ఆమె వైపు చాచబోయిన లోయిస్ చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. అవతల లేనా కుక్క ఒంటిమీది మంచు దులుపుతోంది.

"నేనైనా అదే చెప్పేవాణ్ణి" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పేదాంట్లో ఏది నిజమో నాకేం తెలుస్తుంది?" అంది సెన్సి. అని, పదకొండు మందీ చూస్తుండగానే భోరున ఏడ్చింది.