పొరుగు రాష్ట్రపు జింక, నా రెండు దరఖాస్తులు

ఆ వేట అనుమతి దరఖాస్తు మొదటి పేజీలోనే నాకు విసుగు పుట్టించింది. మీరు ఈ రాష్ట్ర నివాసులా అని అడిగితే కాదు అని నొక్కాను. రెండో పేజీ తెరుచుకుని పోస్ట్‌కోడ్ అడిగింది. అడిలైడ్‌లోని మా మాసన్ లేక్స్ పోస్ట్‌కోడ్ కొట్టాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ రాష్ట్రానికి చెందిన పోస్ట్‌కోడ్ మాత్రమే ఇవ్వండి. నేను ఈ రాష్ట్రం వాణ్ణి కానని అర నిమిషం క్రితమే కదా చెప్పింది! వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాను. మళ్లీ ఎర్ర అక్షరాలే.

నాకు వేట పిచ్చి లేదు. బాపట్ల దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి మా నాన్న కాపరి. మా ఇంట్లో వాక్యం చదివే గొంతు తప్ప తుపాకీ చప్పుడు ఎవరూ వినలేదు. ఈ దరఖాస్తు నా కోసం కాదు, అంకుల్ కోసం. అంకుల్ మా ఇంగ్లిష్ సంఘంలో పెద్ద, డెబ్బై ఎనిమిదేళ్ల ఆస్ట్రేలియన్. నేను చదువుకోవడానికి అడిలైడ్ వచ్చిన కొత్తలో, కారు లేని రోజుల్లో, ప్రతి ఆదివారం నన్ను ఆరాధనకు తీసుకెళ్లి దింపింది ఆయనే. "నేను నీ అంకుల్ని కాదు మేట్, పేరు పెట్టి పిలువు" అని ఎన్నిసార్లు అన్నా నాకు నోరు రాలేదు. చివరికి ఆయనే అలవాటు పడ్డాడు. ఒక స్నేహితుడి పొలంలో కుందేళ్లు మితిమీరితే నాకు గురి నేర్పి, లైసెన్సు తీసుకునేలా చేసింది కూడా ఆయనే.

పొరుగు రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఒక చిట్టడవి ఉంది. అందులో హాగ్ డీర్ అనే పొట్టి జింకలుంటాయి. వాటిని వేటాడటానికి ఏడాదికి కొద్దిమందికే అనుమతి. దరఖాస్తు పెట్టుకున్న వాళ్లందరి పేర్లూ కలిపి చీటీ తీస్తారు. అంకుల్ ముప్పై ఏళ్లుగా పేరు వేస్తున్నాడు. రెండుసార్లు తగిలింది, రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆయన ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను చాలునని తుపాకీ లైసెన్సు కాగితం మీద ఈ ఏడాది డాక్టరు సంతకం పెట్టాడు కానీ వచ్చే ఏడాది పెట్టనని ముందే చెప్పేశాడు. అంటే ఇదే ఆఖరి సీజను. పైగా ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదని, ఎవరైనా పక్కన ఉండాల్సిందేనని ఆయన కూతురు పట్టుబట్టింది. అందుకని మేమిద్దరం ఒక గ్రూపుగా పేరు వేయాలనుకున్నాం. టైపు కొట్టే కళ్లు నావి కాబట్టి గ్రూపు నాయకుణ్ణి నేనయ్యాను.

ఆ జింకల్ని ఎప్పుడో ఓడల్లో మన దేశం వైపు నుంచే తెచ్చి వదిలారట. వాటికి అక్కడ స్థిర నివాసం దొరికింది. పక్క రాష్ట్రంలో పన్ను కడుతున్న నాకు మాత్రం రెండో పేజీ దాటడానికి దారి లేదు.

అప్పటికే రెండు నెలలు కాగితాల వెంట తిరిగాను. నా తుపాకీ లైసెన్సు మా రాష్ట్రానిది కాబట్టి దాని నకలు మీద, నకళ్లు సరైనవేనని ధ్రువీకరించే జస్టిస్ ఆఫ్ ద పీస్ సంతకం కావాలన్నారు. ఆయన లైబ్రరీలో మంగళవారం రెండు గంటలే కూర్చుంటాడు. మొదటి మంగళవారం ఆయనకు జలుబు. రెండో మంగళవారం ఆయన వచ్చాడు, నేను అసలు కాగితం ఇంట్లో మరిచిపోయాను. ఆ రాష్ట్రపు వేట లైసెన్సు వేరుగా కావాలన్నారు. దానికి ముందు నియమాల మీద ఆన్‌లైన్ పరీక్ష రాయాలన్నారు. అన్నీ అయ్యాక ఈ పోస్ట్‌కోడ్.

ఫోన్ చేశాను. ముప్పావు గంట సంగీతం విన్నాక అనుమతులిచ్చే ఆఫీసులో ఒకావిడ దొరికింది. సంగతి విని, "ఓ, అదా లవ్. అందరికీ అంతే. ఇక్కడిది ఏదో ఒక పోస్ట్‌కోడ్ కొట్టేసి లోపలికి వెళ్లాక మార్చుకో" అంది, ఇక్కడివాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా 'లవ్' అన్నట్టే.

"అది అబద్ధం అవుతుంది కదండీ" అన్నాను.

"పోస్ట్‌కోడా?" అంది.

"పైన ఇచ్చిన వివరాలన్నీ నిజమని కింద సంతకం పెట్టాలి కదా."

"సరే లవ్. కాగితం ఫారం పంపిస్తాను. నింపి పోస్టులో వెయ్యి" అంది. ఆవిడ గొంతులో జాలి వినిపించింది.

పక్క గదిలో నుంచి మా ఆవిడ అంతా వింది. "ఏవండీ, నాలుగంకెలకి కూడా జడ్జిమెంట్ డే ఉంటుందా?" అంది.

"చిన్నదానిలో నమ్మకంగా ఉండాలి" అన్నాను.

"ఉండండి. నమ్మకంగా ఉంటూనే ఆ బట్టలు కూడా మడత పెట్టండి, సెలవు రోజంతా ఫోన్లోనే ఉన్నారు."

నిజం చెప్పాలంటే ఆ పూట నాకు నా మీద కొంచెం గొప్పగానే అనిపించింది. కాగితం ఫారం పదకొండు పేజీలు వచ్చింది. అంకుల్ ఇంటికి వెళ్లి, ఆయన సంతకాలు తీసుకుని, పోస్టులో వేశాను.

మూడు వారాలు గడిచాయి. అందిందని గానీ అందలేదని గానీ ఒక్క మాట లేదు. ఫోన్ చేస్తే, పోస్టులో వచ్చినవి గడువు దగ్గర పడ్డాకే తెరుస్తామన్నారు. గడువుకు ఇంకా పది రోజులుంది. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే అంకుల్ నా దగ్గరికి వచ్చి ఏమీ అడగకుండా నిలబడేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో తెలుగువాళ్ల ప్రార్థన సహవాసం జరుగుతుంది. అక్కడ ఈ సంగతి ప్రార్థన మనవిగా పెట్టాను. మా సహవాసంలో పెద్దాయన, గుంటూరు అంకుల్, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వీసాలకి చేశాం బ్రదర్, పీఆర్‌లకి చేశాం, మోకాలి ఆపరేషన్లకి చేశాం. జింక కోసం ఇదే ఫస్ట్ టైం."

"జింక కోసం కాదంకుల్, పర్మిట్ కోసం."

"దేనికైనా చేద్దాం, ప్రభువుకి లెక్కలేదు. అయితే మీరు ఒక్కటే వేశారా? అదీ పోస్టులోనా?"

"అవునండీ."

"ఇంకోటి ఆన్‌లైన్లో కూడా పడేయండి బ్రదర్. రైల్వే ఉద్యోగాలకి మనం ప్రతి జోన్‌కీ ఒకటి వేసేవాళ్లం కాదూ? సేఫ్టీకి. ఏదో ఒకటి తగుల్తది."

అందరూ నవ్వారు. తర్వాత మోకరించి ప్రార్థన చేశాం. చీట్లు వేయడం నాకు కొత్త సంగతేమీ కాదు. బైబిల్లో పన్నెండో శిష్యుడి చోటు ఖాళీ అయితే మిగిలినవాళ్లు కూడా ప్రార్థించి చీట్లే వేశారని చిన్నప్పుడే నేర్చుకున్నాను. వాళ్లు ఒక్కసారే వేశారు. సేఫ్టీకి ఇంకోసారి వేసినట్టు ఎక్కడా రాసి లేదు. ఆ సంగతి ఆ సాయంత్రం నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెబ్‌సైట్ తెరిచాను. ఎవరు బాగు చేశారో గానీ, మా పోస్ట్‌కోడ్‌ని ఎదురు చెప్పకుండా తీసుకుంది. ఇది జవాబే అనుకున్నాను. చకచకా నింపేశాను. అంకుల్ లైసెన్సు నంబరు నా దగ్గర ఉంది, అదీ కొట్టాను. ఆఖరి పేజీలో ప్రమాణ పత్రం, పన్నెండు లైన్లు, కింద చిన్న గడి. టిక్ పెట్టి పంపేశాను. నిమిషంలో రసీదు వచ్చింది. స్తోత్రం ప్రభువా అనుకుని టీ పెట్టుకున్నాను. అంకుల్‌కి చెప్పలేదు. ఆయన్ని మళ్లీ ఎందుకు కంగారు పెట్టడం అనుకున్నాను.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. ఈసారి ఒక మగగొంతు, చాలా మర్యాదగా ఉంది.

"మీ గ్రూపు పేరు మీద రెండు దరఖాస్తులున్నాయి సార్. ఒకటి కాగితం, ఒకటి ఆన్‌లైన్. నియమం ప్రకారం రెండూ రద్దు."

నేను మొదలుపెట్టాను. పోస్ట్‌కోడ్ కథ, సంగీతం కథ, మూడు వారాల మౌనం, పోస్టులో వచ్చినవి ఆఖర్న తెరిచే పద్ధతి, అన్నీ చెప్పాను. నా గొంతు పెరగడం చూసి పక్క టేబుల్ అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అతను అంతా విన్నాడు.

"మా వెబ్‌సైట్ మీకు ఇబ్బంది పెట్టింది, ఒప్పుకుంటాను. కానీ ప్రమాణ పత్రంలో పదకొండో లైన్ చదువుతాను సార్. ఈ సీజనుకు నేను గానీ నా గ్రూపు సభ్యులు గానీ మరే దరఖాస్తూ పెట్టలేదు. దాని కింద టిక్ ఉంది."

నాలుగంకెల దగ్గర నీతి చెప్పి, పన్నెండు లైన్ల ప్రమాణానికి చదవకుండా టిక్ పెట్టాను. పైగా ఆ పొద్దున స్తోత్రం కూడా చెప్పాను.

"నన్ను తీసేయండి. నాతో ఉన్న పెద్దాయనకి ఇదే ఆఖరి ఏడాది. ఆయనకి ఈ రెండోది తెలియదు కూడా" అన్నాను.

అతను ఎవరినో అడిగి వచ్చాడు. "ప్రమాణం నాయకుడిది కాబట్టి సభ్యుడి మీద తప్పు పెట్టం. ఆయన విడిగా కొత్త దరఖాస్తు వేసుకోవచ్చు. మీరు మాత్రం ఈ సీజనుకి లేరు. ఈ రోజు అయిదింటికి మూసేస్తాం."

వాళ్ల గడియారం మాకంటే అరగంట ముందు. వాళ్ల అయిదు మా నాలుగున్నర. అప్పుడు టైం మూడు నలభై.

అంకుల్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"పోస్ట్‌కోడ్‌కి అబద్ధం చెప్పనన్నవాడివి నువ్వే కదా?" అన్నాడు ఆయన.

"నేనే."

"ఊరికే అడిగాను. ఇప్పుడేం చెయ్యాలి?"

ఆయన పేరు మీద ఖాతా తెరవాలి. దానికి ఆయన మొబైల్‌కి కోడ్ వస్తుంది. ఆయన మాట్లాడుతున్నది ఆ మొబైల్లోనే. పెట్టేసి ల్యాండ్‌లైన్ నుంచి చేయమన్నాను. చేశాడు. కోడ్ వచ్చింది కానీ భూతద్దం కనబడలేదు. భూతద్దం దొరికేసరికి కోడ్ గడువు అయిపోయింది. రెండో కోడ్‌లో మూడుని ఎనిమిదని చదివాడు. మూడో కోడ్‌తో తలుపు తెరుచుకుంది. నాలుగు దాటింది.

"నేను పక్కన లేకుండా మీ అమ్మాయి ఒప్పుకుంటుందా?" అన్నాను టైపు కొడుతూనే.

"ఒప్పుకోదు. ముందు చీటీలో పేరు పడనీ. ఆ యుద్ధం తర్వాత."

ఆరో పేజీకి వచ్చేసరికి ఒక గడి కనబడింది: తుపాకీ పట్టని తోడు మనిషి, ఒకరు, ఐచ్ఛికం. పేరు, కారు నంబరు అడిగింది. లైసెన్సు అడగలేదు, పరీక్ష అడగలేదు, ఏ రాష్ట్రమని అడగలేదు.

"అంకుల్, ఇలాంటి గడి ఉందని మీకు తెలీదా?"

"ముప్పై ఏళ్లూ ఒక్కణ్ణే వెళ్లాను. ఆ పేజీ నేనెందుకు చదువుతాను?"

లైబ్రరీ మంగళవారాలు, ఆన్‌లైన్ పరీక్ష, పదకొండు పేజీలు, ఏదీ అక్కర్లేదు. అరవాలనిపించింది. ఆ గడిలో నా పేరు పెట్టవచ్చో లేదో అన్న అనుమానం మిగిలింది. అంకుల్‌ని లైన్లో ఉంచి, మధ్యాహ్నం ఫోన్ వచ్చిన నంబరుకే చేశాను. అదృష్టం, అదే మగగొంతు. "తోడు మనిషి వేటగాడు కాదు సార్, పెట్టుకోండి" అన్నాడు. నాలుగూ పద్దెనిమిది.

ఆఖరి పేజీకి వచ్చాం. "చదువు" అన్నాడు అంకుల్.

"టైం లేదంకుల్. దీన్లో ఏముందో ఇప్పుడు నాకు కంఠస్థం."

"టిక్ నా పేరు మీద పడుతోంది. అన్నీ చదువు."

సంఘంలో వాక్యం చదివేటప్పటిలా పన్నెండు లైన్లూ పైకి చదివాను. ఒక్కో లైను తర్వాత ఆయన "అవును" అనేదాకా ఆగాను. పదకొండో లైను రెండుసార్లు చదివాను. "కొత్తది ఇదొక్కటే కదా?" అన్నాడు. పాత రెండూ రద్దు చేశారని చెప్పాను. "అయితే అవును." నాలుగూ ఇరవై ఏడుకి పంపాం.

మూడు వారాల తర్వాత చీటీలో ఆయన పేరు వచ్చింది. నాలుగు రోజులు, ఒక్క మగ జింక. ఆ శుక్రవారం సహవాసంలో సాక్ష్యం చెప్పమంటే లేచి జరిగినదంతా చెప్పాను, నా టిక్‌తో సహా. ఎవరూ నవ్వలేదు. గుంటూరు అంకుల్ మాత్రం చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు.

అడవిలో మొదటి రెండు రోజులు వాన పడింది. మూడో రోజు ఉదయం పొదల చాటున కూర్చున్నాం. నా చేతిలో దుర్భిణి ఒక్కటే ఉంది, తుపాకీని ముట్టుకోవడానికి కూడా నాకు అనుమతి లేదు. ఎదురుగా గడ్డి కదిలి, ఒక జింక తల పైకెత్తింది.

"కొమ్ములున్నాయా?" అన్నాడు అంకుల్ గుసగుసగా. ఆయన కంటికి ఉన్నట్టే కనబడుతోంది, కానీ తన కంటిని తనే నమ్మడం మానేశాడు.

ఉన్నాయనే అనిపించింది. వెంటనే అనలేదు. దుర్భిణి సరిచేసుకుని, దాని వెనకున్న ఎండుకొమ్మల్ని విడదీసి చూశాను. జింక తల తిప్పింది. మళ్లీ చూశాను.

"ఉన్నాయంకుల్" అన్నాను.

ఆయన తుపాకీ భుజానికి ఆనించాడు. నేను చెవులు మూసుకున్నాను.