మామా ఇచ్చిన శుక్రవారం

సుబ్బరత్నమ్మంటే నాకు మొదటి నుంచీ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నన్నెవరూ తప్పుపట్టరు. మనిషికి పొగరు, మాటకు పుల్లవిరుపు. నా ఇంట్లో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ, "మీ గోదారోళ్లు నీళ్లల్లో పాలు పోస్తారేమోక్కా" అనగలిగిన మనిషి. అయినా నెలకు రెండు శుక్రవారాలు ఆమెకు తలుపు తీశాను. తీయక తప్పదు.

ఇది తొంభై ఏడు, తొంభై ఎనిమిది నాటి సంగతి. హవల్లీలో మాకు రెండు గదుల ఫ్లాట్ ఉండేది. మా ఆయన సోమేశ్వరరావు కింద టీవీలు అమ్మే దుకాణంలో పనిచేసేవారు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కువైట్‌లోనే ఉండి కూడా కాపురం లేనివాళ్లు మనవాళ్లలో ఎంతోమంది. అతను కంపెనీ క్యాంపులో, ఆమె అరబ్బు ఇంట్లో. అతని క్యాంపులోకి ఆడమనిషి రాకూడదు, ఆమె పనిచేసే ఇంటి గేటులోకి ఇతను అడుగు పెట్టకూడదు. అలాంటివాళ్ల కోసం సంసారాలున్న మాలాంటివాళ్లం శుక్రవారం ఒక గది వదిలిపెట్టేవాళ్లం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒక్కో జంటకు ఒక్కో వారం వంతు. నేను ముందు గదిలో మిషను వేసుకుని, పని ఉన్నా లేకపోయినా గట్టిగా తొక్కుతూ కూర్చునేదాన్ని. ఆ చప్పుడు వాళ్లకు అడ్డుగోడ.

మొదటి, మూడో శుక్రవారాలు సుబ్బరత్నమ్మవి, ఆమె భర్త పెంచల్‌వి. ఇద్దరిదీ రాజంపేట దగ్గర పల్లె. పెంచల్ ముందొచ్చి మంగఫ్ క్యాంపులో ఉంటూ పైపులు మోసే పనికి కుదిరాడు. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. విడిగా ఉంటే పిల్లలెక్కడి నుంచి వస్తారని ఆమె కూడా ఇళ్లలో పనిచేసే వీసా మీద వచ్చేసింది. కువైటంటే ఒక ఊరే కదా, ఇద్దరం ఒకచోట ఉంటాం అనుకుందట. తీరా వచ్చాక ఆమె సంసారమంతా కలిపి నెలకు రెండు మధ్యాహ్నాలు. ఆ రెండూ దక్కడం ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి, దయ మీద ఆధారపడి ఉండేది.

ఆ మామా కువైటీ కాదు. కొలంబియా మనిషి. అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన కువైటీని పెళ్లాడి ఇక్కడికొచ్చి పడింది. అరబీ వంటింటి వరకే వచ్చు. ఆవిడకున్న ఆనందాలు రెండు. ఒకటి, డిష్ పెట్టించుకుని మధ్యాహ్నమంతా చూసే స్పానిష్ సీరియళ్లు. రెండోది, అవి అయిపోగానే ఫాహహీల్‌లో ఉన్న తమ దేశపు స్నేహితురాలికి ఫోన్. కువైట్‌లో లోకల్ ఫోనుకు బిల్లు రాదు కాబట్టి ఆ మాటలకు అంతుండేది కాదు. ఆ గదిలోనే ఒక మూల సుబ్బరత్నమ్మ ఇస్త్రీ చేస్తుండేది. మామా ఫోన్లో మాట్లాడుతూ ఈమె వైపు చూసేది, నవ్వేది, మళ్లీ మాట్లాడేది.

"నా మొగం మీద ఏముందని నవ్వుతాదక్కా? నా ముందరే నన్ను అంటాది, నాకు తెల్దు. తెలుసుకునేదాకా నాకు నిద్ర పట్టదు" అంది ఒక శుక్రవారం.

"నీకెందుకమ్మా, నాలుగు బట్టలు మడతెట్టుకుని నీ పని చూసుకోక" అన్నాను. నేను చెబితే వినే రకమా.

అలా మొదలైంది ఆ చదువు. పలక లేదు, పంతులు లేడు. ఇస్త్రీపెట్టె చేతిలో, కళ్లు టీవీ మీద. సీరియల్లో ఒకావిడ ఇంకొకావిడ చెంప పగలగొట్టి ఏదో అంటుంది. అదే మాట మర్నాడు ఇంకొకరిని గుమ్మం బయటికి గెంటుతూ అంటారు. ముఖం చూసి మాటకు అర్థం కట్టుకునేది. నిజం చెప్పాలంటే ఆమెకు బుర్ర బాగానే పనిచేసేది. ఏడాది తిరిగేసరికి సీరియల్ మొత్తం కథలా చెప్పేసేది. నా జాకెట్ల పని చెడగొట్టి మరీ చెప్పేది. ఫలానా వాడు పెళ్లాన్ని వదిలి ఎవరితోనో పోయాడు, పెళ్లానికి తెలియదు, తెలిసినవాళ్లందరూ ఆమెకు చెప్పకండి చెప్పకండి అనుకుంటున్నారు, అదే కథ, అదే ఏడుపు. ఒక్కటి అయిపోతే ఇంకొకటి, అందులోనూ మొగుడే దొంగ.

విచిత్రమేమిటంటే ఆమెకొచ్చిన స్పానిష్‌లో ఉల్లిపాయకు మాట లేదు, చీపురుకు మాట లేదు. నోరుమూయి, బయటికి నడు, అబద్ధాలకోరు, నన్ను మోసం చేశావు, ఇవన్నీ ఉన్నాయి. ఒక్క మంచి మాట నేర్పని చదువు ఏం చదువు? ఆ మాటే అడిగాను. మూతి తిప్పుకుంది.

ఆమెకు ఆ భాష అర్థమైన రోజు నుంచీ ఆ ఇంట్లో ఉండటం నరకమైపోయింది. అంతవరకు మామా తనను చూసి నవ్వితే ఇష్టంతో నవ్వుతోందేమో అని ఏ మూలో ఒక ఆశ ఉండేది. ఇప్పుడు మొత్తం వినపడింది. ఎద్దులా తింటుందట. నూనె కంపు కొడుతుందట. శుక్రవారం వస్తే పెళ్లికూతురిలా ముస్తాబవుతుందట, ఆ ముఖానికి. సుబ్బరత్నమ్మ అది నాకు చెప్పినప్పుడు ఏడవలేదు. పళ్లు కొరుక్కుంది. ఆ రోజు మాత్రం ఆ మామా మీద నాకు ఒళ్లు మండిపోయింది. సుబ్బరత్నమ్మను నేను తిట్టుకోవచ్చు, నా కాఫీ తాగింది కాబట్టి. ఆవిడెవరు?

"నీకు అర్థమవుద్దని చెప్పేయ్. నోరు మూసుకుంటాది" అన్నాను.

"చెప్తే ఇంగ నా ముందర మాట్లాడదు గదక్కా. ఎప్పుడన్నా పనికొచ్చేది చెప్తాదేమో, ఇనుకుంటాండా."

ఆ పనికొచ్చేది వచ్చింది. మార్చి నెల, రెండో వారం. పెంచల్ కంపెనీకి కాంట్రాక్టు పోయింది. క్యాంపులో సగం మందిని ఒక్కసారిగా ఇళ్లకు పంపేస్తున్నారు, శుక్రవారం రాత్రి విమానం. పెంచల్ మామా ఇంటికి ఫోన్ చేశాడు. అప్పుడు సుబ్బరత్నమ్మ మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. ఫోన్ మామాయే తీసింది. పెంచల్ తనకొచ్చిన అరబీలో, పని ఖలాస్ అయింది, శుక్రవారం ఇండియాకు పోతున్నా, నా పెళ్లాన్ని ఆ రోజు పంపమని చెప్పాడు. మామా సరేనంది. సరేనని వెంటనే ఫాహహీల్‌కి ఫోన్ కలిపింది.

సుబ్బరత్నమ్మ తడి చేతులతో దిగి వచ్చేసరికి ఆ మాటలు జరుగుతున్నాయి. దీని మొగుడు వెళ్లిపోతున్నాడు. దీనికింకా తెలియదు. పాపం. నేను చెప్పను, ఇప్పుడే చెబితే వారమంతా ఏడ్చి నా బట్టలు మాడుస్తుంది. శుక్రవారం పంపిస్తాను, వాడే చెప్పుకుంటాడు. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది. అసలు బాధ ఇక్కడే ఉంది. ఆమె ఒక్క మాట కూడా తప్పుగా వినలేదు. మొగుడు వెళ్లిపోతున్నాడు, పెళ్లానికి తెలియదు, అందరూ పాపం అంటున్నారు. ఏడాదిగా రోజూ మధ్యాహ్నం చూస్తున్న కథే ఇది. ఆ కథల్లో మొగుడు వెళ్లిపోతే ఒక్కచోటికే వెళతాడు. ఇంకో ఆడదాని దగ్గరికి.

గురువారం సాయంత్రం మామా నవ్వుతూ, "రేపు జుమా, నువ్వు పో, నీ మొగుడి దగ్గరికి పో" అంది. రెండో శుక్రవారం. సుబ్బరత్నమ్మ వంతు కాదు. ఎన్నడూ లేనిది అడక్కుండా సెలవిస్తోంది. దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. సీరియల్లో కూడా అంతే కదా, పాడు ఆడదే పనిగట్టుకుని పెళ్లాన్ని పంపిస్తుంది, వెళ్లి కళ్లారా చూసి గుండె పగిలి చావమని. మామాకు ఆ వినోదం ఇవ్వనని సుబ్బరత్నమ్మ ఒట్టు పెట్టుకుంది.

"పోను" అందట. అని వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది.

ఇటు పెంచల్ శుక్రవారం పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. ఆ వారం గది వంతు ఇంకో జంటది, రమణిది, నాగేంద్రబాబుది. ఇతను ముందు రోజే వాళ్ల కాళ్లావేళ్లా పడి వంతు మార్పించుకున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. మడత కూడా పోలేదు.

"మళ్లా ఎన్నాళ్లకో అక్కా. దానికి ఇంకా ఏడాదిన్నర ఉండాది, పాసుపోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరుండాది. ఈ పొద్దు మాట్లాడుకోవల్ల. ఊర్లో ఏం జెయ్యాల, ఇల్లు యాడ కట్టుకోవాల, అన్నీ" అన్నాడు. అంత మాట్లాడటం అతని నోట నేనెప్పుడూ వినలేదు.

ఎప్పుడూ వచ్చే వేళ దాటిపోయింది. పెంచల్ మా ఫోన్ తీసి మామా ఇంటికి చేశాడు. రెండు మాటలు విని ముఖం మాడ్చుకుని నాకిచ్చాడు. అవతల మామా అరబీలో, "నేను పొమ్మన్నాను. అదే రానంటోంది" అంది.

"పిలు. ఫోన్ ఇయ్యి" అన్నాను. మర్యాద లేకుండానే అన్నాను.

రిసీవరు పక్కన పెట్టిన చప్పుడు. దూరంగా మామా కేక. ఆ వెనక సుబ్బరత్నమ్మ గొంతు. ఏదో ఒక్క ముక్క అరిచింది, తెలుగు కాదు, అరబీ కాదు. తర్వాత ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"దాన్ని గదిలో ఏసినట్టుండారక్కా. అరుస్తాంది, ఇన్యావా?" అన్నాడు పెంచల్.

నేనూ అదే అనుకున్నాను. ఇంకేమనుకుంటాను? టాక్సీలో వెళదామంటే అతని ఇఖామా, ఆ దేశంలో ఉండేందుకిచ్చే కార్డు, రద్దయిపోయింది. దారిలో పోలీసు ఆపితే ఇంటికి కాదు, జైలుకు. నేనొక్కదాన్నీ వెళతానంటే మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆళ్లింటి ముందు గొడవ చేస్తే ముందు మన సామాను సర్దుకోవాల్సొస్తుందే" అన్నారు. పెంచల్ గదిలో మంచం మీద కూర్చున్నాడు, తలుపు తీసే ఉంచి. లిఫ్టు ఆగిన ప్రతిసారీ లేచి నిలబడ్డాడు. ఆ రోజు నేను మిషను ముట్టుకోలేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. క్యాంపు నుంచి విమానాశ్రయానికి బస్సు సాయంత్రం. దానికి అందుకోవాలి కాబట్టి పొద్దువాలే వేళ అస్రు నమాజు పిలుపు వినపడగానే లేచి వెళ్లిపోయాడు.

మరుసటి వారం, తన అసలు వంతు నాడు, సుబ్బరత్నమ్మ వచ్చింది. ఆ వారమంతా ఆమె టీవీ గది గడప తొక్కలేదట, ఇస్త్రీ వంటింట్లోనే చేసిందట. ముఖం గంటు పెట్టుకుని, చెంగు నడుముకు దోపి, యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది.

"యాడ వాడు?"

"ఎవరు?"

"ఆ దొంగనాయాలు. వచ్చినాడా, దానెంబడే పోయినాడా? నాకంతా తెలుసు. మామా చెప్తాంటే ఇన్యా."

నాకు విషయం అందడానికి కాస్త సేపు పట్టింది. అందాక మాత్రం నన్ను నేను ఆపుకోలేకపోయాను.

"ఇండియా ఎల్లిపోయేడే. కంపెనీ పంపించేసింది. పోయిన శుక్రవారం ఇదిగో, ఈ మంచం మీద కూర్చుని సాయంత్రం దాకా నీ కోసం చూసేడు. ఆవిడ పంపిస్తానన్నా రాలేదా నువ్వు? నువ్వే రానన్నావా?"

ఆమె నిలబడ్డ చోటే కింద కూర్చుంది. తర్వాత ఫోన్లో విన్నదీ, గురువారం మామా నవ్వినదీ, తాను అనుకున్నదీ అన్నీ చెప్పింది. ఆ శుక్రవారం ఫోన్ దగ్గర్నుంచి మామా పిలిచినప్పుడు తాను అరిచిన మాట కూడా చెప్పింది. అబద్ధాలకోరు అని అరిచిందట. ఆ మాట మామానా, మొగుణ్నా అని అడిగాను. ఇద్దర్నీ అంది.

"టీవీలో ఎవడో పెళ్లాన్ని మోసం చేస్తే, పెంచల్ చేసినట్టేనా? ఆ మనిషిని ఇన్నేళ్లు చూసి తెలుసుకున్నదేంటి నువ్వు?"

"అది దాచింది గదక్కా నాతో."

"దాచింది. ఆవిడ మంచిదని నేనన్లేదు. కానీ పంపించింది. నువ్వు పోలేదు."

ఆమె అప్పుడు ఏడ్చింది. ఓదార్చాలని నాకు అనిపించలేదు. కాఫీ కలిపి పక్కన పెట్టాను, అంతే.

ఆ తర్వాత శుక్రవారాల్లో ఆమె వంతు వేరేవాళ్లకు పోయింది. అయినా మామా పంపినప్పుడల్లా వచ్చేది, ఊరి నుంచి పెంచల్ మా నంబరుకు ఫోన్ చేస్తాడని. రాజంపేటలో ఎస్టీడీ బూతు నుంచి చేసేవాడు. గట్టిగా అరిచి మాట్లాడేవాడు, రిసీవరు ఆమె చెవి దగ్గరున్నా గదంతా వినపడేది. మొదటిసారి చేసినప్పుడు పలకరింపులు కూడా లేవు.

"ఆ ముండ నిన్ను గదిలో ఏసి తాళం ఏసింది గదా? ఊర్లో అందరికీ చెప్పినా. మా యమ్మ రోజూ దుమ్మెత్తి పోస్తాంది దాన్ని. మొగుణ్ని చూసేదానికి గూడా పంపని ఇల్లు అదేం ఇల్లు రత్నా. నువ్వు అరిచింది నాకు ఫోన్లో ఇనపడింది. నా కోసరమే గదా అరిచినావు?"

సుబ్బరత్నమ్మ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. చెబుతుందా లేదా అని చూస్తున్నాను. ఆమె చెప్పాలనే ఉంది నాకు. ఆ కొలంబియా ఆవిడ ఏడాది పొడుగునా చేసిన పాపాలకు ఎవరూ ఒక్క తిట్టు తిట్టలేదు. ఒక్క రోజు అడక్కుండా సెలవిచ్చినందుకు మాత్రం రాజంపేట తాలూకాలో ఒక ఊరు ఊరంతా తిడుతోంది.

"అవునబ్బా, నీ కోసరమే" అంది సుబ్బరత్నమ్మ. "తాళం ఏసింది."