వెనకింటి మామ్మ

నా చిన్నప్పుడు, నాన్న ఉద్యోగం కారణంగా మేము మస్కట్ దగ్గర అల్ మవాలేలో ఉండగా, పక్క ఫ్లాట్‌లో ఉండే తన అన్నగారింటికి కాకినాడ అక్క ఒకావిడ ఐదేళ్ళ పాపతో వచ్చింది. అంతకుముందు వాళ్ళు ఎక్కడో పసిఫిక్ సముద్రంలో, సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో బట్టల కొట్టు నడిపేవారు. ఎన్నికల తర్వాత అక్కడ అల్లర్లు చెలరేగి వీధికి వీధే తగలబడింది. కొట్టూ, దాన్ని అంటుకుని ఉన్న ఇల్లూ పోయాయి. మళ్ళీ నిలబెట్టుకోవాలని వాళ్ళాయన అక్కడే ఉండిపోయి, వీళ్ళిద్దరినీ ఇటు పంపించాడు.

పాప మాట్లాడేది కాదు. పెడితే తినేది, పిలిస్తే వచ్చేది, అంతే. నవ్వించాలని నేను చేయని కోతిచేష్ట లేదు.

ఒక శుక్రవారం మా హాల్లో కొట్టు ఆట పెట్టాను. అట్టపెట్టెలు పేర్చి, అమ్మ చున్నీలు మడిచి సర్ది, పాపను యజమానిని చేశాను. కాసేపటికి బేరాలాడి విసుగొచ్చి, గరిట పట్టుకుని, "హోనియారా వాళ్ళొచ్చారు, పారిపోండి!" అని అరుస్తూ పెట్టెలన్నీ తన్నేశాను. పాప కొయ్యబారిపోయింది.

అమ్మ నా మీదికి చెయ్యెత్తితే అక్క ఆపింది. కిందపడ్డ చున్నీ ఒకటి తీసి తలకు చుట్టుకుంది.

"నీ ఆటలో ఒక మనిషి తక్కువైందమ్మా. మా వెనకింటి మామ్మ. ఆవిడా హోనియారా మనిషే. ఆ వేషం నేనేస్తాను" అంది.

వంగి పాపను వీపు మీద ఎక్కించుకుంది. "మామ్మ నిన్నెటు తీసుకెళ్ళిందే?" అని మెల్లగా అడుగుతూ వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి హాల్లోకి తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి పాప తల్లి మెడ చుట్టూ చేతులు బిగించి, "గోడ దూకింది" అంది. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కా ఏడ్చింది.

ఆ రోజు గుంపు ముందు తలుపు విరగ్గొడుతుంటే, మామ్మే పాపను వీపున వేసుకుని వెనక సందుల్లోంచి పోలీసుల దగ్గరికి చేర్చిందట. మంటలు తన ఇంటి వైపు పాకుతున్నాయని వెనక్కి పరుగెత్తిందట. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

వాళ్ళాయన ఫోన్ చేసినప్పుడల్లా అక్క మొదట ఆవిడ గురించే అడిగేది. కొట్టుకు కప్పు వేశామన్నాడు, వీధిలో బేరాలు మొదలయ్యాయన్నాడు. మామ్మ కబురు మాత్రం చెప్పలేకపోయాడు. మరుసటి ఏడాది తల్లీకూతుళ్ళు తిరిగి వెళ్ళిపోయారు.

ఫలానా ఊరివాళ్ళంతా అంతే అన్న మాట ఆ తర్వాత నా నోట రాలేదు. ఇన్నేళ్ళయినా, టీవీలో ఏ ఊరు తగలబడుతున్నా, నా కళ్ళు గుంపును దాటి వెనక సందుల్లోకి వెళతాయి. పరాయి బిడ్డను వీపున వేసుకుని పరుగెత్తే మనిషి కోసం వెతుక్కుంటాయి.