పామర్రులో మూడు రీళ్ళ దెయ్యం సినిమా

నాకు భయం ఎక్కువ. ఇంటర్ చదువుతున్నా, చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే చెల్లిని తోడు తీసుకెళ్తాను. అయినా పాత బ్లాక్ అండ్ వైట్ దెయ్యం సినిమాలంటే పిచ్చి. కలర్ సినిమాలో దెయ్యం అరుస్తూ మీద పడుతుంది, అంతే. వీటిలో ముందు మెట్ల మీద నీడ వస్తుంది, మనిషి ఎంతకీ రాడు. ఆ ఎదురుచూపు నాకిష్టం. అప్పటిదాకా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. గవర్నర్‌పేటలో సీడీలు అద్దెకిచ్చే షాపాయన ఒకరోజు, "పామర్రులో ఒకాయన దగ్గర మూకీ సినిమా అసలు రీళ్ళే ఉన్నాయమ్మా, రెండో ఆదివారం పొద్దున వేస్తాడు" అన్నాడు. అమ్మతో కెమిస్ట్రీ స్పెషల్ క్లాస్ అని చెప్పాను. రెండింటికల్లా ఇంట్లో ఉండాలి. ఆలస్యమైతే నాన్న నా ఫ్రెండ్ ఇంటికి ఫోన్ చేస్తారు, అసలు క్లాసే లేదని బయటపడుతుంది.

ఎనిమిదింబావుకి బస్టాండులో బందరు బస్సెక్కాను. టికెట్ ఇరవై రూపాయల లోపే. తెలిసినవాళ్ళు ఎక్కుతారేమోనని కంకిపాడు దాకా చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. ఉయ్యూరు దాటాక రెండువైపులా వరి చేలు. తొమ్మిదిన్నరకల్లా పామర్రులో దిగాను. ఆటో ఆయనకి అడ్రస్ చెప్పబోతే, "ఆపరేటర్ గారి దెయ్యం సినిమాకేగా? ఎక్కండి. ఒక్కరే వచ్చారా, గుండె గట్టిదే!" అని నవ్వాడు. నా గుండె సంగతి ఆయనకేం తెలుసు. ఐదు రూపాయలు తీసుకున్నాడు.

ఆపరేటర్ గారి పేరు ఖాదర్. సినిమా హాళ్ళలో ప్రొజెక్టర్ నడిపి రిటైరయ్యారు. ఇంటి వెనక పాత వడ్ల గోడౌన్‌లో కిటికీలకు గోనెసంచులు కట్టి, తెల్ల దుప్పటి తెరగా వేలాడదీశారు. ఇరవై ఏళ్ళ క్రితం గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు మూసేస్తుంటే ఈ మూడు రీళ్ళూ కొన్నారట. డబ్బాల మీద కాగితాలు అప్పటికే చెదలు తినేశాయి, సినిమా పేరున్న ముక్క కూడా తెగిపోయింది. మూకీ కాబట్టి మధ్యమధ్యలో ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసి కథ అల్లుకుని, ప్రొజెక్టర్ పక్కన నిలబడి చెప్తారు.

"ఇంగ్లీషు మీడియమా అమ్మా? అయితే ఇవాళ ఆ అక్షరాలేంటో నువ్వు చదివిపెట్టు" అన్నారు. ముప్పై మంది నావైపు తిరిగారు. సరేనన్నాను.

మొదటి రీలు ఎంత బావుందో! ఒక డాక్టరు, ఆయన తమ్ముడు, వంటమనిషి పెద్ద బంగళాలో దిగుతారు. దీపం వెలుగులో వంటమనిషి నీడ పైకప్పు దాకా పెరుగుతుంది. నేను చదువుతుంటే నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. రెండో రీల్లో డాక్టరు చచ్చిపోయి ఉన్నాడు. పోలీసులు వంటమనిషి చేతులు కట్టారు. నా పక్కన కూర్చున్న వెంకాయమ్మ గారు, "దీని చేతులు పడిపోను, అన్నం పెట్టినోణ్ణే చంపింది!" అని మెటికలు విరిచారు. ఇంతలో తమ్ముడు ఏడుస్తూ పోలీసుల వెంట నడిచాడు. తెర మీద 'పాలల్లో విషం కలిపింది నేనే' అన్న అర్థం వచ్చే అక్షరాలు. ఏ పాలు? నేను తేరుకునేలోపే ఆపరేటర్ గారు అలవాటుగా, "తమ్ముడు ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తున్నాడు" అనేశారు. రీలు చివర ఆమె కట్లు విప్పుతుంటే, "జైల్లో వెయ్యడానికి విప్పుతున్నారు" అన్నారు.

మూడో రీల్లో చచ్చిన డాక్టరు నడుస్తూ వచ్చాడు. గోడౌనంతా ఊపిరి బిగబట్టింది. "దెయ్యమై వచ్చాడు! అన్న ఆత్మ శాంతించాలని తమ్ముడు పాలు పెడుతున్నాడు చూడండి" అన్నారాయన. అక్షరాలు మాత్రం 'బంగళాలో రెండో రాత్రి' అంటున్నాయి. అప్పుడర్థమైంది. చివరి రెండు రీళ్ళూ తారుమారయ్యాయి.

"ఏం రాశారమ్మా?" అని వెంకాయమ్మ గారు మోచేత్తో పొడిచారు.

"ఆయన చెప్పిందే రాశారండీ" అన్నాను.

పన్నెండు కావస్తుంటే షో అయింది. అందరూ టీకి లేచారు. నాకు పన్నెండుంబావు బస్సుంది. వెళ్తూ వెళ్తూ ఆపరేటర్ గారికి మెల్లగా సంగతి చెప్పాను.

"అయితే డాక్టరు దెయ్యం కాదా?"

"బతికే ఉన్నాడండీ. ఆ పాలు తమ్ముడు విషం కలిపినవి. వంటమనిషి ఏమీ చెయ్యలేదు."

ఆయన రీలు డబ్బా మీద కూలబడ్డారు. "ఇరవై ఏళ్ళుగా ఊరంతా దాన్ని తిట్టిపోస్తుంటే, తిట్టించింది నేనా!"

"మీ కథే ఎక్కువ భయంగా ఉందండీ, అలాగే ఉంచెయ్యండి."

"భయం సంగతి తర్వాత. మనిషి మీద నింద పడింది కదమ్మా. మళ్ళీ వేస్తాను, చదువుతావా?"

"ఇంట్లో చెప్పకుండా వచ్చానండీ." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"అయ్యో, అయితే వెళ్ళు తల్లీ. నాకు గుర్తున్నంతలో నేను చెప్పుకుంటాలే."

గుమ్మం దాకా వెళ్ళాను. బయట వెంకాయమ్మ గారు మనవరాలితో, "వంటదే చంపింది. ఇంగ్లీషులో కూడా అదే రాసుందంట, ఆ అమ్మాయి చెప్పింది" అంటున్నారు. వెనక్కొచ్చి, "రీలు ఎక్కించండి" అన్నాను. ఆపరేటర్ గారు టీ దగ్గరున్న అందర్నీ మళ్ళీ లోపలికి పిలిచారు.

సరైన వరుసలో చూస్తే దెయ్యమే లేదు. కానీ తమ్ముడు నవ్వుతూ పాలు కలుపుతున్నప్పుడు, తలుపు సందులోంచి చూసి వంటమనిషి వణికినప్పుడు, నాకు ఏ దెయ్యానికీ వెయ్యనంత భయమేసింది. అంత భయంలోనూ ఒక్క అక్షరం వదలకుండా చదివాను. ఆమె కట్లు విప్పుతుంటే వెంకాయమ్మ గారు తెరవైపు చేతులు జోడించి, "ఏమనుకోకే తల్లీ" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఇంటికి చేరేసరికి నాలుగు. నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. దారంతా ఆలోచించిన అబద్ధాలు మూడున్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. పామర్రు వెళ్ళానని చెప్పేశాను. రెండు నెలలు సీడీలు బంద్, ట్యూషన్‌కి నాన్నే దింపుతారు. నిజం చెప్పేశానని బ్లాగులో రాయడం సులువే కానీ, నాన్న ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అయినా ఆ గోడౌన్‌లో ఇంకెప్పుడూ ఆమెని ఎవరూ తిట్టరు. పేరైనా తెలియని, ఎప్పుడో చనిపోయి ఉండే ఒక నటి ముఖం వెంకాయమ్మ గారి చేత క్షమాపణ చెప్పించింది. అందుకే ఈ సినిమాలంటే నాకింత గౌరవం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: పదింటికల్లా గోడౌన్‌లో ఉండండి, తిరుగు బస్సు మధ్యాహ్నం రెండు తర్వాతది పెట్టుకోండి, ఇంట్లో చెప్పి వెళ్ళండి.